నాలుగింటి చదువు

ఆ ఏడాది జనవరి నుంచి మే దాకా మా ఇంట్లో సాయంత్రం నాలుగైతే అమ్మ మాయమై, ఆ కుర్చీలో టీచరు కూర్చునేది. ఆ అమ్మనీ నేనే, ఆ టీచర్నీ నేనే, నా పేరు గిట్టె. నిజానికి పాఠాలు చెప్పే చదువేమీ నాకు లేదు. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిని. జనం చేత నోళ్ళు తెరిపించి, "అయిపోయింది, ఇంకొక్క నిమిషం" అని అబద్ధాలు చెప్పడం నా ఉద్యోగం. ఊళ్ళో సగం మంది నన్ను సూపర్‌మార్కెట్లో చూడగానే పక్క వరసలోకి తప్పుకుంటారు. అది నాకు అలవాటే, పట్టించుకోను.

మా అమ్మాయి మారెన్‌కి మే నెలలో కన్ఫర్మేషన్ పెట్టారు, ఎదిగిన పిల్లల్ని చర్చిలో పెద్దవాళ్ళతో కలుపుకునే వేడుక. మా ఫియోర్డు సముద్రపాయ ఒడ్డున ఏ ఇంట్లోనైనా అది పెళ్ళంత పండగ. పొద్దున చర్చి, మధ్యాహ్నం హాల్లో చుట్టాలందరికీ విందు, వడ్డనకీ వడ్డనకీ మధ్య పాటలు, ఉపన్యాసాలు. ఆఖర్న ఆ బిడ్డ లేచి నిలబడి, చేతిలో కాగితం చూసి చదువుతూ, అమ్మకీ నాన్నకీ నానమ్మకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. మారెన్ కొత్త ఫోన్ అడగలేదు, గుర్రపు స్వారీ అడగలేదు. ఆ కాగితం చూసి చదవాలి, అంతే అంది. పదమూడేళ్ళ పిల్లకి అదొక్కటే చేతకాదు.

మూడో తరగతిలోనే బళ్ళో పరీక్ష పెట్టి తేల్చేశారు. డాక్టర్లు డిస్లెక్సియా అంటారు, మా జనం మాటగుడ్డి అంటారు. తెలివికేమీ లోటు లేదు. వాళ్ళ నాన్న పడవలో ఇంజను శబ్దం విని ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేస్తుంది. అక్షరం మాత్రం దానికి లొంగదు. బడివాళ్ళు ఒక కంప్యూటరు ఇచ్చారు. పుస్తకంలో ఉన్నది మిషను గొంతుతో చదివి వినిపిస్తుంది. దాన్ని నేను తిట్టను, చరిత్రా భూగోళం దాంతోనే గట్టెక్కింది. కాకపోతే అది ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ పిల్లకి చదవడం నేర్పాలన్న సంగతే అందరూ మర్చిపోయారు.

జనవరిలో ఒక ఆదివారం మా అత్తగారు ఇంగర్ కాఫీకి వచ్చినప్పుడు ఈ మాట బయటికొచ్చింది.

"నేను కాగితం చూసే చదువుతా," అంది మారెన్, కేకు ముక్క నోట్లో పెట్టుకుని. "నోటికి నేర్చుకుని కాదు."

"నోటికి నేర్చుకుంటే తప్పేంటే?" అన్నాడు మా ఆయన కార్‌స్టెన్. "నా కన్ఫర్మేషన్‌కి నేనలాగే చేశా. ఒక్క ముక్క పోలేదు."

"పోకపోవడమేంట్రా, కాగితం తలకిందులుగా పట్టుకున్నావు," అన్నారు అత్తగారు. "హాలంతా చూసింది. మీ నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు."

"గాలికి తిరిగిపోయిందమ్మా అది."

"హాల్లో గాలెక్కడిదిరా!"

అందరం పడీపడీ నవ్వాం. కార్‌స్టెన్ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. మారెన్ మాత్రం నవ్వలేదు. "నేను తలకిందులుగా పట్టుకోను," అంది.

అత్తగారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "దానికి చేపనూనె పొయ్యి. రోజూ రెండు చెంచాలు. మా వీధి గుడ్రున్ మనవరాలికి రంగు కళ్ళద్దాలు పెట్టారట, నీలం రంగువి. ఒంటికాలి మీద నిలబెట్టి బంతి పట్టిస్తే మెదడు కుదురుతుందని పేపర్లో పడింది."

"మెదడు చెదిరిపోలేదు కదా అత్తయ్యా, కుదరడానికి."

"నీకేం చెప్పినా ఇంతే," అని ఆవిడ టోపీ పెట్టుకున్నారు.

ఆవిణ్ణి ఆట పట్టించాను గానీ, ఆ వారమంతా నేను ఇంటర్నెట్లో వెతికిందీ అవే. కళ్ళద్దాలు, నూనెలు, బంతులు, సంగీతం, ఒకావిడ తల నొక్కి నయం చేస్తుందట, అదొకటి. చదివిన కొద్దీ తల తిరిగింది. ప్రతివాడూ మా పద్ధతే అంటాడు, ప్రతివాడికీ నయమైన పిల్లల ఫోటోలున్నాయి. చివరికి బళ్ళో చదవలేని పిల్లల సంగతి చూసే టీచరు బోదిల్ దగ్గరికి వెళ్ళాను. నా కంటే పదేళ్ళు పెద్దది, మొహమాటం లేని మనిషి.

"ఏడో తరగతిలో అక్షరాలు నేర్పడానికి మాకు గంటలు లేవు, గిట్టె," అంది. "చిన్న తరగతుల్లో ఉన్నాయి. దానికి అప్పుడు చాల్లేదు. ఇప్పుడింక కంప్యూటరే."

"ఇప్పుడు నేర్పితే రాదా?"

"రాదని నేననలేదు. గంటలు లేవన్నాను." గోడ మీది క్యాలెండరు చూసి, "గురువారం లైబ్రరీలో కోపెన్‌హాగన్ నుంచి ఒకావిడ వచ్చి మాట్లాడుతోంది. పాతికేళ్ళుగా ఇదే పరిశోధన. వెళ్ళి విను. వినడానికి మహా విసుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా," అంది.

వెళ్ళాను. మంచు పడుతోంది, పది పన్నెండు మంది వచ్చి ఉంటారు, అందరం కోట్లు విప్పకుండానే కూర్చున్నాం. ఆవిడ బక్కపల్చటి మనిషి, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు. గొంతు పెంచదు, నవ్వించదు. రంగు అద్దాల సంగతి ఒకరు అడిగితే, "పిల్లల్ని రెండు జట్లు చేసి చూశారు. సగం మందికి రంగు అద్దాలు, సగం మందికి మామూలు అద్దాలు. రెండు జట్లూ ఒకేలా చదివాయి," అంది. చేపనూనె గురించి అడిగితే, "చేప మంచిదే, తినండి," అంది. ఏది అడిగినా ముందు అవే ప్రశ్నలు వేస్తుంది. ఎంతమంది పిల్లల మీద చూశారు, ఎవరితో పోల్చి చూశారు, మళ్ళీ ఇంకెవరైనా చూస్తే అదే వచ్చిందా అని. నేను వారం రోజులుగా పోగేసుకున్న వైద్యాలన్నీ గంటలో కొట్టుకుపోయాయి.

"మరి పనిచేసేదేంటి?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"పనిచేసేది చప్పగా ఉంటుంది. ఏ శబ్దానికి ఏ అక్షరమో, వరసగా, తేలిక నుంచి కష్టానికి, దాటెయ్యకుండా నేర్పడం. పెద్ద పిల్లలకి పొడుగు మాటల్ని ముక్కలు చేసి చూపించడం. రోజూ కొంచెం. నిన్నటిది గట్టిపడితేనే ఇవాల్టిది. ఊహించనివ్వకూడదు. తప్పు చదివితే అక్కడికక్కడే ఆపి దిద్దాలి. చాలామందికి వస్తుంది. నెమ్మదిగా వస్తుంది."

అయ్యాక కోట్లు తగిలించే చోట ఆవిణ్ణి పట్టుకున్నాను. మా అమ్మాయికి నేనే నేర్పుతానని చెప్పాను. ఆవిడ బొత్తాలు పెట్టుకుంటోంది.

"కుదిరితే తల్లి కాకుండా ఇంకెవరైనా అయితే బావుంటుంది," అంది.

"పరిశోధనలో అలా తేలిందా?"

"లేదు. నాకో కూతురుంది," అని చేతి తొడుగులు వేసుకుని మంచులోకి వెళ్ళిపోయింది.

ఇంకెవరున్నారు మాకు? బోదిల్‌కి గంటలు లేవు. అత్తగారు చేపనూనె మనిషి. కార్‌స్టెన్ తెల్లారకముందే ఆల్చిప్పల పడవ మీద పోతాడు. పైగా తన విషయం వేరు, అది తర్వాత చెప్తాను. బోదిల్ మాత్రం పాపం, తన భోజనం వేళ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చూపించింది. పాఠాలున్న కాగితాలు ఇచ్చింది. "అన్నిటికంటే కష్టమైంది ఏంటో తెలుసా? అది తడుముకుంటుంటే నువ్వు నోరు మూసుకోవడం," అంది.

అలా మొదలైంది. నేను క్లినిక్ నుంచి మూడున్నరకి వచ్చేదాన్ని, మారెన్ నాలుగింటికి వచ్చేది. అంతకుముందు అదే వేళకి వంటింట్లో రై రొట్టె మీద లివర్ ముద్ద రాసుకుని తింటూ బడి సంగతులన్నీ కక్కేసేది. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, హ్యాండ్‌బాల్లో ఎవరు ఎవర్ని తోశారు, లెక్కల మాస్టారు ప్యాంటు ఎలా ఉంది. నాకు ఒక్క ముక్క చెప్పే సందిచ్చేది కాదు. ఇప్పుడు అదే కుర్చీలో కూర్చుంటే దాని ముందు నేను కాగితం పెడుతున్నాను.

మా భాష కూడా ఏమంత దయగలది కాదు. రాసేదొకటి, పలికేదొకటి. సగం మాటల్ని గొంతులోనే మింగేస్తాం. మారెన్ మొదటి అక్షరం చూసి, మిగతాది తెలివితో పూరించేసేది. ఇన్నేళ్ళూ అలాగే బతికింది మరి. అది తెలివైన పిల్ల, చాలాసార్లు సరిగ్గానే వచ్చేది. అయినా సరే నేను ఆపాలి.

"ఊహించకు. చదువు."

"కరెక్టే చెప్పాగా!"

"చెప్పావు. చదవలేదు. మొదటి ముక్క దగ్గర్నుంచి."

వారం తిరిగేసరికి 'ఊహించకు' అన్న ఆ ఒక్క మాట మా ఇంట్లో బూతుమాట కంటే హీనమైపోయింది. ఒకరోజు పెన్సిలు విసిరికొట్టింది. "నేను నీ క్లినిక్‌కి వచ్చే జనాన్ని కాదమ్మా, నోరు తెరవండి అంటే తెరవడానికి!" అంది. ఇంకోరోజు ఒకే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయింది. నాకు గొంతులో ఆ మాట ఉబికి వస్తోంది. చెప్పేస్తే దాని మొహం విప్పారుతుంది, ఇద్దరం రొట్టె తినొచ్చు. నేను చెప్పలేదు. బల్ల కింద నా రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాను. అది కన్నీళ్ళు కారుస్తూనే ఆ మాటని ముక్కముక్కగా పలికి, కలిపి, చదివింది. చదివి నా వైపు చూసింది. మెచ్చుకున్నాను. దానికి నా మెప్పు అక్కర్లేకపోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు, సూపర్‌మార్కెట్లో జనం నన్ను చూసే చూపే.

ఫిబ్రవరి చివరికి బడి సంగతులు చెప్పడం పూర్తిగా మానేసింది. పాఠం అవ్వగానే కుర్చీ జరిపి మేడ మీదికి పోయేది. అడిగితే "ఏం లేదు" అనేది. అక్షరాలు ఒక్కొక్కటే లొంగుతున్నాయి. బోదిల్ చిన్న పరీక్ష పెట్టి, "కదులుతోంది గిట్టె, నిజంగా కదులుతోంది," అని నా భుజం తట్టింది. ఆ వేళ ఇంటికి నడుస్తుంటే నాకు గర్వంగా లేదు. ఇంట్లో ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

శుక్రవారాల సంగతి చెప్పాలి. శుక్రవారం సాయంత్రం మాకు పళ్ళెం నిండా మిఠాయిలు, సోఫా, దుప్పటి, టీవీలో ఇంగ్లీషు హత్యల సీరియలు. బొమ్మ కింద మా భాషలో అక్షరాలు పడతాయి. మారెన్‌కి అవి అందవు కాబట్టి చిన్నప్పటి నుంచీ నేనే పైకి చదివేదాన్ని. ఇన్‌స్పెక్టరుకి లావు గొంతు, ముసలమ్మకి సన్న గొంతు, హంతకుడికి బొంగురు గొంతు. అది నా ఒళ్ళో తల పెట్టుకుని, లికోరిస్ మిఠాయి నములుతూ వినేది. ఆ చలికాలం అది సోఫాలో అటు చివర వాళ్ళ నాన్న పక్కకి మారిపోయింది. "నాన్న చదువుతాడు," అంది. చాలా మామూలుగానే అంది.

ఇప్పుడు కార్‌స్టెన్ సంగతి. ఇరవయ్యేళ్ళుగా హోటలుకి ఎప్పుడు వెళ్ళినా నేను ఏది తెప్పించుకుంటే తనూ అదే తెప్పించుకుంటాడు. నేను ఎప్పుడూ అడగలేదు, తను ఎప్పుడూ చెప్పలేదు. బొమ్మ కింద పరిగెత్తే అక్షరాలు తనకి ఎప్పుడూ అందలేదు. అందుకని ఏం చేశాడంటే, కల్పించడం మొదలుపెట్టాడు.

"ఇన్‌స్పెక్టరు అంటున్నాడు, అమ్మా, మీ ఆయన్ని ఎవరో చంపారు, కాఫీ ఏమైనా దొరుకుతుందా?"

"నాన్నా!"

"ఆవిడంటోంది, చంపింది నేనే గానీ, ముందు ఆ బురద బూట్లు బయట విప్పు."

మారెన్ దిండు కరుచుకుని దొర్లి దొర్లి నవ్వేది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ వినేదాన్ని. మొదట్లో వెళ్ళి కూర్చునేదాన్ని. నేను వెళ్తే నవ్వు కాస్త తగ్గుతోందని రెండు మూడు వారాల్లో అర్థమైంది. ఆ తర్వాత శుక్రవారాలు నాకు వంటింట్లో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. గిన్నెలు అంత తళతళా ఎప్పుడూ మెరవలేదు.

ఏప్రిల్లో ఒక శుక్రవారం, ఇంకా వెలుతురుంది, నేను బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాను. లోపల్నుంచి కార్‌స్టెన్ గొంతు వినిపించింది. "పోలీసు అంటున్నాడు, ఈ వంతెన కింద ఈల్ చేపలు బాగా పడతాయంట."

నవ్వు వినపడలేదు. మారెన్ గొంతు వినిపించింది. "నాన్నా, అక్కడ అలా లేదు."

"ఎలా ఉంది మరి?"

"కారు... వంతెన... కింద... దొరికింది. అలా ఉంది."

టీవీలో ఎవరో పరిగెడుతున్న చప్పుడు.

"అవునా," అన్నాడు కార్‌స్టెన్. "ఇంకోటి చదువు."

"పోయింది."

"ఇంకోటొస్తుంది, చూస్తుండు."

మూడిట్లో ఒకటి పట్టుకుంటోంది. పట్టుకున్నదాన్ని ఊహించట్లేదు, చదువుతోంది. మొదటి ముక్క దగ్గర్నుంచి, నేను చెప్పినట్టు. నా చేతిలో కత్తి, దుంప అలాగే ఉండిపోయాయి. పరిగెత్తుకెళ్ళి దాన్ని వాటేసుకోవాలనిపించింది. వెళ్తే ఆపేస్తుంది. నేను నేర్పిన చదువుని నేను తలుపు చాటు నుంచి వినాల్సి వచ్చింది. ఎంత సంతోషమేసిందో అంత ఏడుపూ వచ్చింది, రెండిట్లో ఏది ముందో చెప్పలేను.

సీరియలయ్యాక కార్‌స్టెన్ ఖాళీ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"విన్నావా?"

"విన్నాను."

"లోపలికి రావచ్చుగా?"

"వస్తే ఆపేసేది."

పళ్ళెం సింకులో పెట్టి, చేతులు చూసుకున్నాడు. ఆల్చిప్పలు కోసీ కోసీ గీతలు పడిన చేతులు. "నేను సరదాకి కల్పించడం లేదు, గిట్టె. నాకు అవి అందవు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి హోటలుకి తీసుకెళ్ళినప్పట్నుంచి. నీకు పీతలంటే అసహ్యం. నేను పీత తెప్పించానని నువ్వూ తిన్నావు."

తను నవ్వాడు. నవ్వి తువ్వాలు తీసుకుని, తుడవక్కర్లేని గిన్నెలన్నీ మళ్ళీ తుడిచాడు.

కన్ఫర్మేషన్ దగ్గర పడింది. మారెన్ తన ఉపన్యాసం తనే రాసుకుంది, తలుపేసుకుని. నేను గది బయట నిలబడి, "ఒక్కసారి నా ముందు చదువుతావా? తప్పులుంటే చూస్తాను," అన్నాను.

"నాన్న ముందు చదివాను."

"నాన్న తప్పులు పట్టలేడు కదే."

"అందుకే," అంది లోపల్నుంచి.

తర్వాత తెలిసింది, సాయంత్రాలు రేవుకి వెళ్ళి, పడవ క్యాబిన్లో వాళ్ళ నాన్నకి చదివి వినిపిస్తోందట. నాలుగింటి పాఠం మాత్రం ఒక్కరోజు తప్పించుకోలేదు. కోపంగానే వచ్చేది, కోపంగానే చదివేది, వెళ్ళిపోయేది. ఆ పొగరు నాదే, ఎవర్నని ఏం లాభం?

ఆ ఆదివారం ఎండ కాసింది. ఇళ్ళ ముందు జెండాలు ఎగిరాయి. మారెన్ తెల్ల గౌను కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుంది, అత్తగారు చర్చి మెట్ల మీదే మొహం మాడ్చుకున్నారు. హాల్లో చుట్టాలంతా బల్లల చుట్టూ సర్దుకున్నారు. అత్తగారు రాసిన పాట కాగితాలు పంచితే అందరం పాత రాగంలో పాడాం. కార్‌స్టెన్ ఉపన్యాసం చెప్పలేదు, కూతుర్ని అందరి ముందూ ఎత్తి ఒక చుట్టు తిప్పి దింపాడు. అది చాలన్నారు అందరూ.

మాంసం పళ్ళాలు తీసేశాక మారెన్ గ్లాసు మీద కత్తితో టింగున కొట్టి లేచింది.

కాగితం సరిగ్గానే పట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో మాటా నీళ్ళలో రాయి మీద అడుగేసి దాటుతున్నట్టు. వచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు, పాట రాసినందుకు నానమ్మకి. "నానమ్మా, నీ చేపనూనె... పిల్లికి పోశాను," అని చదివింది. అత్తగారితో సహా హాలంతా ఘొల్లుమంది. తర్వాత నాన్నకి. "నాన్నా, నువ్వు నాకు వల వెయ్యడం నేర్పావు, ఇంజను నేర్పావు, నాకు..." అని ఆగిపోయింది.

ఏదో పొడుగు మాట. దాని పెదవులు మొదటి ముక్క పట్టుకుని వదిలేశాయి. మళ్ళీ పట్టుకున్నాయి. పక్కన మా బావగారు ఫిన్, మంచివాడే, "ధైర్యం అనేమో," అని గొణిగి, అందివ్వబోయాడు. నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఉండండి," అన్నాను. "చెప్పకండి."

ఆయన నన్ను రాక్షసిని చూసినట్టు చూశాడు. అత్తగారూ అలాగే చూశారు. మారెన్ నా గొంతు వింది, తలెత్తలేదు. ఆ మాటని విడదీసింది. ముందు ముక్క, నడిమి ముక్క, తోక. కలిపింది.

"...నాకు ఓపికపట్టడం నేర్పావు," అని చదివింది.

కార్‌స్టెన్ నాప్‌కిన్‌లో ముక్కు చీదేశాడు. ఓపిక నేర్పింది తనే. ఆ మాట నిజమే, అందుకే నేను కూడా చప్పట్లు కొట్టాను.

అప్పుడు మారెన్ కాగితం మడిచింది. నా వైపు తిరిగింది. "అమ్మా, నీకు మాత్రం ఏమీ రాయలేదు," అంది. "నీ ముందు చదివింది చాలు. ఇంక నీ ముందు చదవను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చుట్టాలంతా లేచి గ్లాసులెత్తి హుర్రే కొట్టారు, నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగానే కొట్టి ఉంటాను. దాని చూపులో కోపం లేదు. ఇంకేమైనా ఉందేమోనని వెతుక్కునే లోపల కేకు వచ్చింది, అది స్నేహితుల వైపు వెళ్ళిపోయింది. ఆగస్టు నుంచి దాని లాంటి పిల్లల కోసమే పెట్టిన హాస్టలు బళ్ళో సీటొచ్చిందన్న మాట అందరికీ చెప్తోంది. నేను సగం తాగిన కాఫీ కప్పులు పోగుచేస్తూ తిరిగాను. ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి కదా.

మర్నాడు కొత్తగా కన్ఫర్మేషనైన పిల్లలంతా జట్లు జట్లుగా పట్నం వెళ్ళి తిరగడం మా వైపు రివాజు. మారెన్ పొద్దున్నే రైలెక్కింది. నేను క్లినిక్ నుంచి మూడున్నరకి వచ్చి, కోటు విప్పి, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. చెప్పాల్సిన పాఠం లేదు. కాళ్ళకి ఆ సంగతి తెలియలేదు.

కార్‌స్టెన్ వచ్చాడు. చేతులు కడుక్కుని, నా ఎదురు కుర్చీలో, మారెన్ కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు బల్ల మీది గీతని గోటితో గీకాడు.

"నాకూ నేర్పుతావా?" అన్నాడు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పడవ మీద నలుగుర్ని గద్దించే మనిషి, బడి పిల్లలా మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. నేర్పగలను. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో నాకిప్పుడు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని ఉండాలని నాకెంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది.

"నేర్పను," అన్నాను.

"దానికి నేర్పావుగా."

"అందుకే."

తనకి అర్థం కాలేదో, అయిందో. "నీ దగ్గరైతే సిగ్గుండదు నాకు," అన్నాడు.

"సిగ్గు నెలలో పోతుంది. ఆ తర్వాత నన్ను చూస్తే పడవలోంచి ఇంటికి రాబుద్ధి కాదు నీకు. పెద్దవాళ్ళకి పట్నంలో సాయంత్రం బడి ఉంది. ఇదే పద్ధతి, ఇదే వరస. నేను రోజూ దింపుతాను, రోజూ తీసుకొస్తాను. పాఠం మాత్రం నేను చెప్పను, కార్‌స్టెన్. నీ దగ్గరన్నా నన్ను మామూలుగా ఉండనీ."

తను బల్ల మీది గీతని వదిలేశాడు. "రేపట్నుంచి వెళ్ళనా?" అన్నాడు.

మంగళవారం సాయంత్రం ఆ బడి ముందు కారాపాను. శుభ్రమైన చొక్కా వేసుకుని, జుట్టు తడి చేసి దువ్వుకుని, పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళాడు, వెనక్కి తిరిగి చూడలేదు. కిటికీలోంచి కార్‌స్టెన్ వీపు కనిపించింది, ఎదురుగా ఒక కుర్రపిల్ల, టీచరు. కార్‌స్టెన్ తల కాగితం మీదికి వంగి ఉంది. ఆ పిల్ల కదలకుండా కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎదురుచూస్తోందని నాకు తెలుసు. తను ఏ మాట దగ్గర ఆగాడో మాత్రం నాకు తెలియదు. నేను స్టీరింగు మీద తల ఆనించాను.

ఫోన్ మోగింది. మారెన్.

"ఇంట్లో ఎవరూ లేరేంటి? ఎక్కడున్నావమ్మా?"

"నాన్నని చదువుకి తీసుకొచ్చా. పట్నంలో."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఎవరు చెప్తున్నారు నాన్నకి?"

"ఎవరో ఒకమ్మాయి."

"నువ్వు కాదా?"

"కాదు."

"మంచిది," అంది.

ఆ తర్వాత అదీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఇద్దరం ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.